ఎడమచేతి గాలానికి పడవ వేగం

మా ఆయన సినిమా కెమెరామన్. పని మానేసి తొమ్మిదేళ్లయింది. నేను సినిమా కంపెనీల్లో జమాఖర్చులు రాసేదాన్ని. నేను మానేసి పదకొండేళ్లు. ఫిల్మ్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటులో ఇద్దరమే ఉంటాం. వివరాలు ముందే చెప్పేస్తే తరవాత ఎవరూ అడగరని నా ఉద్దేశం.

మాకున్న విలాసం ఒక్కటే. ఏటా చలికాలంలో కాకినాడ వెళ్లి, మా మరిది ఫైబర్ బోటులో సముద్రం మీదికి పోయి, వంజరం చేపకి గాలం వెయ్యడం. ఒకచోట ఆగి వేసే గాలం కాదు. బోటు నడుస్తూ ఉండాలి. ముప్పై మీటర్ల వెనక, నీళ్లలోపల, ప్లాస్టిక్ చేపబొమ్మ ఒకటి ఈదుతున్నట్టు వెంట రావాలి. వంజరం దాన్ని నిజం చేపనుకుని వచ్చి పట్టుకోవాలి. దీన్ని ట్రోలింగ్ అంటారు. చేప రావడం, రాకపోవడం మన చేతిలో లేవు. బోటు వేగం మాత్రం మన చేతిలో ఉంది. వేగం ఎక్కువైతే బొమ్మ పైకి తేలి గెంతుతుంది. తక్కువైతే ఎండుటాకులా ఊరికే వేలాడుతుంది. రెంటికీ మధ్య ఉన్న చిన్న సందులోనే అది చేపలా ఈదుతుంది.

పోయిన వేసవిలో ఆయనకి పక్షవాతం వచ్చింది. మాట తిరిగొచ్చింది, కాలు తిరిగొచ్చింది. కుడిచెయ్యి సగమే వచ్చింది. గ్లాసు పట్టుకోగలరు, సీసా మూత తిప్పలేరు. సముద్రం సంగతి డాక్టరుగారిని నేనే అడిగాను. లైఫ్ జాకెట్ వేసుకుని, ఎండ ముదరకముందే తిరిగి రమ్మన్నారు. అభ్యంతరం డాక్టరుది కాదు, మా ఆయనది.

దీపావళి వెళ్లాక మరిది ఫోన్ చేశాడు.

"ఈ ఏడు మేం రావట్లేదురా," అన్నారు ఈయన. "నా గాలం ఎవరికైనా ఇచ్చెయ్."

"అదేంటన్నయ్యా. నువ్వు ఊరికే వచ్చి కూర్చో. నేను పడతాను, నువ్వు చూద్దువుగాని."

"చూడ్డానికి ఇంట్లో టీవీ ఉంది."

నేను ఫోన్ లాక్కున్నాను. "మేం వస్తున్నాం. గాలం ఎవరికీ ఇవ్వకు. మీ అన్నయ్యే పడతారు," అని చెప్పి పెట్టేశాను.

"ఏ చేత్తో పడతానే?" అన్నారాయన. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు.

"రీలు పిడి కుడివైపు నుంచి ఊడదీసి ఎడమవైపు బిగించుకోవచ్చు. కుడిచెయ్యి కర్రని పట్టుకుంటుంది, ఎడమచెయ్యి తిప్పి దారం చుడుతుంది."

"చేప గుంజితే?"

దాని గురించి నాలుగు రోజులు ఆలోచించాను. చేప తగిలాక బోటు ఒక్కసారి ఆగిపోతే దారం వదులవుతుంది. ఆ వదులుని లాగెయ్యాలంటే రీలు గబగబా తిప్పాలి, ఆయన ఎడమచెయ్యి అంత గబగబా తిరగదు. అదే బోటు అలాగే పరుగెడుతూ ఉంటే చేప బరువు, నీటి బరువు కలిసి బలహీనమైన కుడిచేతిలోంచి కర్రని ఊడబెరుకుతాయి. అంటే ఆయన చేపని పట్టగలరా లేదా అన్నది ఆయన చేతుల్లో సగమే ఉంది. మిగతా సగం ఇంజను పిడి దగ్గర కూర్చున్నవాళ్ల చేతుల్లో ఉంది.

ఇన్నాళ్లూ అక్కడ కూర్చున్నది మా మరిది. మంచివాడే. కానీ అతనికి తెలిసినవి రెండే: పూర్తిగా తిప్పడం, పూర్తిగా ఆపడం. ఈసారి ఇంజను నేను పట్టుకుంటానన్నాను. డెబ్బై రెండేళ్ల మనిషివి, నీకెందుకన్నారు ఈయన. డెబ్బై ఒకటిన్నర అన్నాను.

అసలు ఆ బోటు వేగం మీద నాకు అనుమానం కొత్తది కాదు. ఏటా వెళ్లినా మేం పట్టినవి బహు కొద్ది. పట్టిన ప్రతిసారీ నాకు జ్ఞాపకమే. పులిహోర డబ్బా తెరిచినప్పుడు ఒకటి. ఫ్లాస్కులో కాఫీ పోస్తున్నప్పుడు ఒకటి. మరిది చెప్పు నీళ్లలో పడితే వెనక్కి తిరిగినప్పుడు ఒకటి. తిండికో, ఇంకో దానికో మరిది ఇంజను తగ్గిస్తాడు, చేప తగులుతుంది. తిని మూతి తుడుచుకోగానే ఈయన "ఇంక పెంచరా" అంటారు. ఆ తరవాత మధ్యాహ్నం దాకా ఏమీ తగలదు.

ఈ మాట ఓసారి ఆయనతో అన్నాను. "నలభై ఏళ్లు కెమెరా పట్టినవాడికి వేగం గురించి నువ్వు చెప్తావా," అన్నారు.

తప్పు సరిగ్గా ఆ నలభై ఏళ్లలోనే ఉంది. సినిమాలో పడవల ఛేజింగ్ తీసేటప్పుడు పడవలు అంత వేగంగా పోవు. హీరో నీళ్లలో పడితే ఎవరు జవాబు చెప్తారు? పడవ నడకకి కాస్త ఎక్కువలో పోతుంది. కెమెరాలో ఫిల్మ్ మామూలుకన్నా నెమ్మదిగా తిప్పుతారు, తెర మీద చూసేసరికి అది తూనీగలా దూసుకుపోతుంది. ఆయన కంటికి ఆ తెర మీది పడవే అసలు పడవ. నిజం పడవ ఏది చూసినా ఆయనకి నిలబడి ఉన్నట్టే ఉంటుంది. పైగా పక్కల నుంచి తెల్లటి నురగ లేవకపోతే ఆయనకి ఫ్రేము బోసిగా కనిపిస్తుంది. మా మరిదికి అన్నయ్య మాట వేదం. అలా మేం ఏళ్ల తరబడి వంజరాలకి సినిమా చూపించి వచ్చాం.

అయితే సరైన వేగం ఎంత? పులిహోర తినేటప్పుడు ఎంత ఉండేదో ఎవరూ కొలవలేదు. కాకినాడ వెళ్లి వెతుక్కుంటూ కూర్చోవడానికి ఆయన ఓపిక ఒప్పుకోదు. ఒక పూట ఏమీ తగలకపోతే నేనన్నది కాదు, తనన్నది నిజమని తేలిపోతుంది. అందుకని ఇక్కడే తేల్చుకోవాలనుకున్నాను.

మా అపార్ట్‌మెంటులో ఈతకొలను ఉంది. పొడవు ఇరవై మీటర్లు. చలికాలంలో ఎవరూ దిగరు. మరిదిచేత మా గాలం, బొమ్మ బస్సులో పంపించుకున్నాను. ఒక ఉదయం ఆ చేపబొమ్మకున్న కొక్కేలన్నీ ఊడదీసి, జేబురుమాల్లో చుట్టి ఇంట్లో పెట్టి, గాలం కర్ర పట్టుకుని కిందికి వెళ్లాను. బొమ్మని నీళ్లలో వేసి కొలను అంచు వెంట నడిచాను. బొమ్మ నా వెనక బద్ధకంగా వచ్చింది. ఇంకాస్త చురుగ్గా నడిచాను. ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకున్నట్టు ఒకసారి ఊగి ఊరుకుంది.

"ఏందక్కా గిది? పొద్దుపొద్దుగాల్నే చేపలు పడుతున్నవా?"

రెండో అంతస్తు స్నేహితురాలు. అసలు హైదరాబాదువాళ్లు. కృష్ణానగర్‌లో వీళ్లకో మేడ ఉంది, సినిమా వేషాల కోసం వచ్చిన పిల్లలకి గదులు కిరాయికి ఇస్తారు. నాకన్నా పదేళ్లు చిన్న. రోజూ పొద్దున్నే పార్కులో నడిచి, అప్పుడే బూట్లతో వస్తోంది.

సంగతి చెప్పాను. ఆమె నీళ్లలోకి తొంగి చూసింది.

"నువ్వు నడుస్తె గది నిద్రవోతున్నది. జర ఇటియ్యి, నేను ఉరుకుత."

"పడతావమ్మా. తడిగా ఉంది."

"ఫికర్ జెయ్యకు. నా మోకాళ్లు నీ మోకాళ్ల లెక్క గావు."

ఆమె పరుగెత్తింది. నేను ఫోనులో సెకన్లు చూశాను. మొదటిసారి తొమ్మిది సెకన్లు. రెండోసారి కాస్త మెల్లగా వెళ్లమంటే పది. మూడోసారి ఎంత వేగంగా వెళ్లగలవో అంత వేగంగా వెళ్లమంటే చున్నీ నడుముకి చుట్టుకుని ఆరు సెకన్లలో దాటేసింది. బొమ్మ నీళ్లమీదికి ఎగిరి, పక్కకి పడి, కవ్వంలా గిరగిరా తిరిగింది.

వాచ్‌మన్ వచ్చాడు. మందలిస్తాడనుకున్నాను. "షూటింగా అమ్మా?" అన్నాడు. ఫిల్మ్‌నగర్‌లో మనిషి ఏం చేస్తున్నా దానికి అదొక్కటే కారణం.

"రిహార్సల్," అంది స్నేహితురాలు, మొహం మీదికి నవ్వు రానివ్వకుండా. అంతే. అతను గేటు దగ్గరికెళ్లి నడకకి వచ్చినవాళ్లని ఆపాడు. "జర ఆగుండ్రి సార్, షాట్ నడుస్తుంది," అనడం మాకు వినిపిస్తూనే ఉంది.

ఆయన ఎప్పుడు కిందికి దిగారో నేను చూడలేదు. చేతికర్ర పక్కన పెట్టి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నారు. చూసి చూసి ఆగలేకపోయారు.

"మీరు దాని ఒళ్లు చూస్తున్నారు. తోక చూడండి. ఇందాక రెండోసారి పరుగెత్తినప్పుడు తోక సరిగ్గా కొట్టింది. మళ్లీ అలా వెళ్లమ్మా."

ఆమె మళ్లీ వెళ్లింది. మళ్లీ పది సెకన్లు. బొమ్మ తల వంచి లోపలికి దిగి, అటూ ఇటూ వణుకుతూ, ప్రాణమున్నదానిలా వచ్చింది. చూస్తూ ఆయన కుర్చీలోంచి సగం లేచారు.

ఇరవై మీటర్లు, పది సెకన్లు. "గంటకి ఏడు కిలోమీటర్లు," అన్నాను. "పైన ఇంకో రెండు పాయింట్లు."

"ఏడా? మరీ ఏడేంటి? రోడ్డు మీద ఆటో కూడా అంతకన్నా వేగంగా పోతుంది."

"మా కృష్ణానగర్ సందులల్ల ఆటో ఏడుల పోతె గది నసీబే అన్నా," అంది ఆమె రొప్పుతూ. ఆయన నవ్వారు. ఆసుపత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. కానీ కాకినాడ వస్తానని అప్పుడు కూడా అనలేదు. ప్రయాణానికి ముందురోజు ఆయన లైఫ్ జాకెట్ నేను సర్దుతుంటే, "దాని బకిల్ ఎడమచేత్తో పెట్టుకోడం రాదు," అన్నారు. సాయంత్రందాకా మంచం మీద కూర్చుని నేర్చుకున్నారు.

సముద్రం ఆ ఉదయం మెత్తగా ఉంది. ఇంజను పిడి నేను పట్టుకున్నాను. మరిది ముందు కూర్చున్నాడు. మధ్యలో పలక మీద ఈయన, కర్ర మొదలు నడుముకి కట్టుకున్న తోలు గిన్నెలో, కుడిచెయ్యి కర్ర మీద, ఎడమచెయ్యి రీలు మీద. ఫోనులో వేగం చూపించే యాప్ తెరిచి నా ఒళ్లో పెట్టుకున్నాను. ఏడు మీద నిలిపాను.

ఈయన ఒడ్డు వైపు చూశారు. "నిలబడిపోయాం," అన్నారు.

"ఏడులో ఉన్నాం."

"పెంచు."

"పెంచను."

"వదినా, కొంచెం పెంచితే పోయేదేముంది," అన్నాడు మరిది.

"మీ అన్నయ్య ఒడ్డుని చూస్తున్నారు. చేప ఒడ్డుని చూడదు."

గంటసేపు ఒకవైపు వెళ్లాం. ఏమీ తగల్లేదు. బోటు తిప్పి వచ్చినదారినే వెనక్కి బయలుదేరాను. ఫోనులో మళ్లీ ఏడు. నాకు తృప్తిగానే ఉంది. ఈయన కాసేపు కర్ర కొసకేసి చూసి తల అడ్డంగా ఊపారు.

"వెళ్లేటప్పుడు కొస వణికింది. ఇప్పుడు వణకడం లేదు. బొమ్మ చచ్చిపోయింది."

"ఏడులోనే ఉన్నామండీ. చూడండి." ఫోను ఎత్తి చూపించాను.

"నీ ఫోను నేలమీద లెక్క చెప్తోంది. నీళ్లు కదలవా?"

నేను ఒప్పుకోలేదు. కొలనులో తేలిన అంకె అది, ఆయన కళ్లముందే తేలింది. ఇంకొంత దూరం అలాగే పోనిచ్చాను. అప్పుడు మరిది చిన్నగా దగ్గి, "వదినా, నీరు అటు లాగుతోంది. అదిగో, ఆ వలబెండు చూడు," అన్నాడు. కాలవలో వేసిన పువ్వులా బెండు మేం పోయేవైపే పోతోంది. మా కొలనులో నీరు ఎటూ పోదు. ఇక్కడ పోతోంది. నీటితోపాటు పోతుంటే ఫోనులో ఏడు కనిపించినా బొమ్మకి తగిలే నీరు అయిదే. నీటికి ఎదురెళ్లినప్పుడు అదే ఏడు తొమ్మిదవుతుంది. ఇంత చిన్న కూడిక తీసివేత నాకు తట్టనందుకు లోపల మండింది. ఫోను సంచిలో పడేశాను.

"మీరు కొస చూసి చెప్పండి," అన్నాను. "నేను తిప్పుతాను."

ఆయన ఒడ్డు వైపు చూడడం మానేశారు. కర్ర కొస మీద పెట్టిన కన్ను తియ్యలేదు. "కొంచెం. ఇంకొంచెం. చాలు, చాలు. అరవీసం తగ్గించు." ఆ గొంతు నాకు తెలుసు. సెట్లో పట్టాల మీద ట్రాలీ తోసేవాళ్లతో మాట్లాడే గొంతు అది. ట్రాలీ కదిలేటప్పుడు కుదుపు ఉండకూడదు, ఆగేటప్పుడు కుదుపు ఉండకూడదు. ఆ పని ఆయన చుట్టూ ఉన్న సెట్టుని చూసి చేసింది కాదు, కెమెరాలో కనిపించే బొమ్మని చూసి చేసింది. కర్ర కొస సన్నగా, ఆగకుండా వణకడం మొదలుపెట్టింది.

కర్ర ఒక్కసారిగా వంగింది. రీలు కీచుమంది.

"ఆపు వదినా, ఆపు," అని మరిది అరిచాడు. నా చెయ్యి నా మాట వినలేదు. పిడి పూర్తిగా వెనక్కి తిప్పేసింది. బోటు చతికిలబడింది. దారం వదులై నీళ్లమీద వంకరలు తిరిగింది. ఆయన ఎడమచెయ్యి తిప్పుతోంది, తిప్పుతోంది, వదులు తరగడం లేదు. కర్ర నిటారుగా లేచి నిలబడింది. చేప పోయింది.

సంవత్సరం పాటు ఏది చెయ్యకూడదని లెక్కలు కట్టానో సరిగ్గా అదే చేశాను. మాటవరసకి సంవత్సరం అన్నాను, రెండు నెలలు.

"పర్లేదన్నయ్యా," అన్నాడు మరిది చివరికి. "తగిలింది కదా. ఎండెక్కుతోంది. ఈ ఏటికి చాలు, పోదాం."

ఆయన కుడిచేతి వేళ్లని ఎడమచేత్తో ఒక్కొక్కటీ కర్ర మీదనుంచి విప్పారు. అరచెయ్యి ఎర్రగా కందింది. ఆయన పోదామని ఒక్క మాట అంటే నేను కాదనలేను. అనేలోపు నేనే మాట్లాడాను.

"అరవకు," అన్నాను మరిదితో. "ఈసారి తగిలితే నువ్వు నోరు మూసుకుని కూర్చో. మీ అన్నయ్య ఒక్కరే చెప్తారు, నేను ఆయన మాటే వింటాను."

"సరే వదినా."

"ఏవండీ, గాలం వదలండి."

"చెయ్యి పట్టు చాలడంలేదే."

"పట్టుకుని ఉంటే చాలు. గుంజే పని బోటు చూసుకుంటుంది. నేను ఆపను."

ఆయన నా మొహంలోకి చూశారు. ఎంత నమ్మచ్చో కొలుస్తున్నట్టు. తరవాత దారాన్ని ఆపే రీలు తీగ ఎత్తి, బొమ్మని నీళ్లలోకి వదిలారు. దారం ముప్పై మీటర్లు పోయేదాకా పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకున్నారు. నేను మెల్లగా తిప్పాను.

"ఇంకొంచెం. ఇంకొంచెం. ఉంచు."

ఎంతసేపు అలా తిరిగామో నేను చూడలేదు. ఎండ భుజాల మీదికి వచ్చింది. మరిది పులిహోర డబ్బా మూత మీద చెయ్యి వేసి, నా చూపు చూసి తీసేశాడు.

కర్ర వంగింది.

నా చెయ్యి పిడి మీద బిగుసుకుంది, కానీ కదల్లేదు. రీలు కీచుమంటూ దారం పోతోంది. ఆయన నడుము వెనక్కి వాల్చారు.

"తగ్గించు," అన్నారు. గొంతు పెంచలేదు. "మెల్లగా. మెల్లగా. ఇంకా తగ్గించు. అక్కడ ఉంచు. ఆపకు."

బోటు పాకుతోంది. నడక కూడా కాదు. కానీ ఆగలేదు. దారం బిగువుగానే ఉంది. చేప పరుగు ఆగిన ప్రతిసారీ ఆయన ఎడమచెయ్యి నాలుగు చుట్లు తిప్పుతుంది, ఆగుతుంది. అది మళ్లీ గుంజితే పోనిస్తుంది. ఒకసారి కర్ర కుడిచేతిలోంచి జారి మోచేతి మడతలోకి వచ్చింది. మరిది లేవబోయాడు. నేను తల అడ్డంగా తిప్పాను. ఆయన కర్రని మోచేతి మడతలోనే బిగించుకుని, ఛాతీకి ఆనించుకుని, తిప్పడం సాగించారు.

"కొంచెం పెంచు. ఇటు వస్తోంది. పెంచు. చాలు."

బోటు పక్కన వెండిగీతలా కనిపించింది. అప్పుడే ఆయన "ఇప్పుడు ఆపు," అన్నారు. అప్పుడే ఆపాను. మరిది వంగి కొక్కెం కర్రతో లోపలికి లాగాడు. వంజరమే. పెద్దదేం కాదు, మోచెయ్యి పొడవుకి ఇంకాస్త ఎక్కువ. పలకమీద రెండుసార్లు తోక కొట్టింది.

ఆయన దాన్ని తాకలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని ఊపిరి తీసుకుంటున్నారు. గడ్డం మీద చెమట కారుతుంటే నా కొంగుతో తుడిచాను.

"రీలు పిడి కొంచెం వదులుగా ఉంది," అన్నారు కాసేపటికి. "రేపటికి బిగించాలి."

"రేపా?" అన్నాడు మరిది. "రేపు కూడా వస్తావా అన్నయ్యా?"

ఆయన బొమ్మని చేప నోట్లోంచి తియ్యమని మరిదికి సైగ చేశారు. తీసిచ్చాక దాని తోక వేలితో అటూ ఇటూ కదిపి చూసి, బోటు పక్కనుంచి నీళ్లలోకి వదిలారు. దారం పోతుండగా నా వైపు తిరక్కుండానే, "ఊఁ, కానియ్," అన్నారు. "మెల్లగా."

నేను పిడి తిప్పాను.